గెలుపుకు ముందే వచ్చిన పేరు

పోయిన వారం మనం ఆమెను జనరల్ గారి ఇంటి వరండాలో, కాలింగ్ బెల్ మీద వేలు పెట్టి ఉండగా వదిలేశాం. చంకలో ప్రూఫుల కట్ట. అందులో రెండువందల పన్నెండో పేజీ మూల మడిచి ఉంది. ప్రెస్సులో అందరూ ఆమెను ‘భూతద్దం’ అంటారు. ఇరవై ఏళ్లుగా ఒక కామా కూడా ఆమె కన్నుగప్పి అచ్చులోకి పోయింది లేదు మరి. ఇప్పుడామె చేతిలో ఉన్నది జనరల్ గారి యుద్ధ చరిత్ర. సాయంత్రం ఐదింటికి ఆఖరి ఫారం, అంటే చివరి విడత పేజీలు, అచ్చు మెషీన్ ఎక్కాలి. ఆదివారం పెద్దలందరి ముందూ ఆవిష్కరణ.

రెండువందల పన్నెండో పేజీలో ఒక వాక్యం ఉంది: ‘వైర్‌లెస్ ఆపరేటరు ప్రాణభయంతో పోస్టు వదిలి పారిపోయినప్పటికీ మేజరు గారు ఏమాత్రం చలించలేదు.’ ఆ మేజరే నేటి జనరల్. ఆ ఆపరేటరు ఆమె తండ్రి.

పారిపోయినవాడి కూతురు అనే మాట ఆమెకు ఉగ్గుపాలతో పాటు అలవాటైంది. బళ్లో పరుగుపందెం పెడితే పిల్లలు ఆమె వంకే చూసి నవ్వేవారు. తండ్రి చొక్కా మీది హోదా పట్టీలన్నీ ఊడబీకించుకుని ఇంటికొచ్చి, ఒక ఇరుకు సందులో రేడియోలు బాగుచేసుకుంటూ బతికి, ఆమె పదకొండో ఏట పోయాడు. ఆ రోజు గురించి ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు. తల్లిని అడిగితే, ఆమె లేచి వేరే గదిలోకి వెళ్లిపోయేది.

అయితే భూతద్దం ఇప్పుడు ఈ గుమ్మం ఎక్కింది కన్నీళ్లు పెట్టుకోవడానికి కాదు. ఆ పుస్తకంలో ఆమెకు ఒక తప్పు దొరికింది.

తలుపు తీసింది జనరల్ గారి కూతురు. యాభై దాటిన మనిషి, మెడలో కళ్లజోడు తాడు, చేతిలో ఆహ్వానితుల జాబితా.

“ప్రెస్సు నుంచా? సంతకాలన్నీ నిన్ననే అయిపోయాయి కదండీ.”

“ఒక తేదీ, ఒక టైము సరిచూసుకోవాలండీ. ఐదు నిమిషాలు చాలు.”

“నాన్నగారికి కొలతలు తీస్తున్నారు. అలసిపోతారు. ఐదంటే ఐదే నిమిషాలు.”

లోపలి గదిలో జనరల్ నిలువుటద్దం ముందు నిలబడి ఉన్నాడు. ఎనభై నాలుగేళ్ల మనిషి. ఒకప్పుడు బిగుతుగా పట్టేసిన యూనిఫారం ఇప్పుడు ఆయన ఒంటి మీద కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. దర్జీ నోటినిండా గుండుసూదులు పెట్టుకుని, ఆయన నడుము దగ్గరా చంకల దగ్గరా బట్ట మడిచి గుచ్చుతున్నాడు. చేతులు దించితే సూదులు దిగుతాయని జనరల్ రెండు చేతులూ పక్కలకి చాపి నిలబడ్డాడు. అంతటి సేనాపతి, పొలంలో పిట్టల్ని బెదిరించే దిష్టిబొమ్మలా.

“రామ్మా, రా. చెయ్యెత్తి పలకరించలేను, ఏమనుకోకు. ఈయన నన్ను యుద్ధఖైదీని చేసేశాడు” అని నవ్వాడు.

ఆమెకు నవ్వు రాలేదు. కట్ట విప్పి రెండు కాగితాలు తీసింది.

“సార్, మీకు గిద్యోను అనే పేరు ఎప్పుడొచ్చింది?”

జనరల్‌కి ఈ ప్రశ్న కొత్త కాదు. ఆ పేరు తెలియని పసిపిల్లవాడు కూడా లేడు. వీధులకు పెట్టారు, బడికి పెట్టారు. ఆయన కంఠతా వచ్చిన పాఠంలా అందుకున్నాడు.

“గెలిచిన మూడో రోజున, పత్రికలవాళ్లు పెట్టారు. పరిశుద్ధ గ్రంథంలో గిద్యోను మూడువందల మందితో లెక్కలేనంత సైన్యాన్ని తరిమాడు. కుండల్లో దీపాలు దాచి, బాకాలు ఊది, ఒక్కసారిగా కుండలు పగలగొట్టి. నా దగ్గరా ఉన్నది మూడువందల మందే. మసక చీకటి పడుతుంటే గుట్ట మీద నలభై లారీల హెడ్‌లైట్లు ఒక్కసారి వేయించి, హారన్లు మోగించాను. పెద్ద సైన్యం వచ్చిపడిందనుకుని వాళ్లు వంతెన వదిలేసి పోయారు.”

“దాడి ఎన్నింటికి మొదలైంది సార్?”

“ఆరూ నలభైకి. పుస్తకంలో ఉందిగా.”

“ఉంది. పత్రికలు పేరు పెట్టింది మూడు రోజుల తర్వాత. అదీ ఉంది. మరి ఇది చూడండి.” ఆమె రెండో కాగితం ఆయన కళ్లెదుట పట్టుకుంది. పుస్తకం చివర అనుబంధంగా వేస్తున్న వైర్‌లెస్ లాగ్‌బుక్కు పేజీ ఫోటో, ఆపరేటరు టైముతో సహా రాసుకున్నది. ముత్యాల్లాంటి అక్షరాలు, నీలి సిరా. “దాడి జరిగిన రోజే, సాయంత్రం ఐదూ పదికి రాసిన లైను ఇది. ‘గిద్యోను లేచాడు. దీపాలు సిద్ధం చేయమంటున్నాడు.’ గెలవడానికి గంటన్నర ముందు! గెలుపే రాకుండా గెలుపు పేరు ఎలా వచ్చింది సార్?”

దర్జీ చెయ్యి గాల్లోనే ఆగింది. జనరల్ కళ్లు ఆ నీలి అక్షరాల మీద పడి, అక్కడే అతుక్కుపోయాయి.

“చరిత్ర రాసిన కమిటీ వాళ్లు దీన్ని అలంకారానికి వేశారు, చదవలేదు” అంది ఆమె. మాట వేగం పెరుగుతోంది, ఆపుకోలేకపోతోంది. “నేను చదివాను. నా పని అదే. ఇంకోటి కూడా చదివాను. నిన్న ఆ గిద్యోను కథ తీసి చదివాను. అందరూ మూడువందల మంది దగ్గరే మొదలుపెడతారు సార్. కథ అక్కడ మొదలవదు. దానికి ముందు అధ్యాయంలో మొదలవుతుంది. అప్పటికి గిద్యోను వీరుడు కాదు. శత్రువులు చూస్తారన్న భయంతో, ఆరుబయట కళ్లంలో నూర్చాల్సిన గోధుమల్ని తీసుకెళ్లి ద్రాక్షగానుగ గుంటలో దాక్కుని నూరుస్తుంటాడు. దేవదూత అతని దగ్గరికి వచ్చేది అక్కడికి. గానుగలోకి.”

ఆమె కట్టలోంచి ఇంకో పేజీ వెతికి తీసింది.

“మీ పుస్తకంలో రెండువందల తొమ్మిదో పేజీలో, ఆ రోజు మీ మకాం ఎక్కడని ఉందో చెప్పనా? పాడుబడిన నూనె గానుగ.”

జనరల్ చాపిన చేతులు మెల్లగా కిందికి దిగాయి. సూదులు గుచ్చుకున్నాయో లేదో, ఆయన ముఖంలో మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

“బాబూ, కాసేపు బయట కూర్చో” అన్నాడు దర్జీతో. దర్జీ నోట్లో సూదులతోనే తలూపి బయటికి పోయాడు.

“నువ్వు పాదిరి కూతురివా?” అని అడిగాడు జనరల్.

ఆమె ఉలిక్కిపడింది. పాదిరి! ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు.

“పటాలంలో మీ నాన్నని మేం అలాగే పిలిచేవాళ్లం. జేబులో ఎప్పుడూ ఆ గ్రంథం. ఎవరు ఏడుస్తున్నా పక్కన కూర్చుని ఏదో ఒక కథ చెప్పేవాడు. ఆ కళ్లు ఎక్కడో చూశానే అనుకుంటున్నాను నువ్వు వచ్చిన దగ్గర్నుంచీ.” ఆయన మంచం అంచున కూలబడ్డాడు. “అడిగావు కాబట్టి చెబుతాను. నలభై మూడేళ్లుగా ఎవరూ అడగలేదు. అందరూ చప్పట్లు కొట్టారంతే.”

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.

“మూడు రోజులు కంటి మీద కునుకు లేదు. ఆ మధ్యాహ్నం ఒక ఫిరంగి గుండు వచ్చి నాకు రెండు గజాల అవతల పడింది. నా పక్కన నిలబడి మ్యాపు రెండో అంచు పట్టుకున్న కుర్ర లెఫ్టినెంటు లేడు. మ్యాపు మాత్రం నా చేతిలో ఉంది. అంతే. ఆ తర్వాత నేను నడవలేదు, కాళ్లే నన్ను మోసుకుపోయాయి. గానుగ కింద ఒక నేలమాళిగ. తెలకపిండి కంపు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాను. పైన మూడువందల మంది నా ఆర్డరు కోసం చూస్తున్నారు. నాకు తెలుసు. అయినా లేవలేకపోయాను. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.”

“ఎన్నింటికి సార్?” అంది ఆమె.

“నాలుగింటికి. మేజరు కనబడడం లేదని గుసగుసలు మొదలయ్యాయి. వెతుక్కుంటూ వచ్చింది ఒక్కడే, మీ నాన్న. వైర్‌లెస్ సెట్టు వదిలిపెట్టి వచ్చాడు. ఆపరేటరు సెట్టు వదలడం ఎంత నేరమో ఆయనకి తెలియదా? నాకంటే బాగా తెలుసు. వచ్చి నా పక్కన ఆ మడ్డిలో చతికిలబడ్డాడు. తిట్టలేదు. సెల్యూటు కూడా కొట్టలేదు. ‘సార్, మీకో కథ చెబుతా’ అన్నాడు. ఆ గుండ్ల మోతలో!”

జనరల్ నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే చెదిరిపోయింది.

“నువ్వు చదివావే, ఆ కథే చెప్పాడు. గానుగలో దాక్కున్న మనిషి కథ. ‘సార్, దూత వచ్చి ఒరేయ్ పిరికివాడా అని పిలవలేదు. వీరుడా అని పిలిచాడు. ఎగతాళి కాదు. దేవుడు ముందు పేరు పెట్టాడు, మనిషి తర్వాత ఆ పేరంత అయ్యాడు. నేను దూతని కాను, రేడియోవాణ్ని. అయినా పిలుస్తున్నాను. లేవండి గిద్యోను గారూ’ అన్నాడు. నా చంకల కింద చేతులు పెట్టి లేవనెత్తాడు. ఆ దీపాల సంగతి ఆయన చెబుతుంటేనే నాకు లారీల ఆలోచన తట్టింది. మెట్లెక్కి పైకి వచ్చేసరికి నేను మళ్లీ మేజర్ని. టైము ఐదూ పది. ఆ పేరే తర్వాత కుర్రాళ్ల నోట పడి పత్రికలదాకా పోయింది.”

భూతద్దం గోడకి చేరగిలబడింది. కాళ్లకింద నేల కదులుతున్నట్టుంది, కానీ పడిపోతున్నట్టు లేదు, ఎవరో పైకి ఎత్తుతున్నట్టుంది. నలభై ఐదేళ్ల వయసులో ఆమెకు గట్టిగా అరవాలనిపించింది. పరుగుపందెంలో నవ్విన ప్రతి పిల్లనీ, ప్రతి పిల్లవాణ్నీ వెతికి పట్టుకుని చెప్పాలనిపించింది. మా నాన్న పారిపోలేదు! మా నాన్న లోపలికి వెళ్లాడు!

మరుక్షణమే అరికాలి మంట నెత్తికెక్కింది.

“మరి పారిపోయాడని ఎందుకు రాశారు?”

“ఆ డెబ్బై నిమిషాల్లో పైనుంచి ఒక ఆర్డరు వచ్చింది. ‘వెనక్కి వచ్చేయండి’ అని. సెట్టు దగ్గర ఎవరూ లేరు, అందుకోలేదు. అందుకుని ఉంటే మేం వెనక్కి పోయేవాళ్లం, వంతెన పోయేది. ఆయన పోస్టు వదలడం వల్లే గెలిచాం, చూశావా? కానీ పైవాళ్లకి జవాబు కావాలి. నన్ను ఒకటే అడిగారు. ఆ డెబ్బై నిమిషాలు ఆపరేటరు ఎక్కడున్నాడని. ఎక్కడున్నాడో చెబితే నేనెక్కడున్నానో చెప్పాలి.” ఆయన తల దించుకున్నాడు. “తెలియదన్నాను. అంతే. ఒక్క మాట. మిగతాదంతా వాళ్లే రాసుకున్నారు.”

“మా నాన్నని అడగలేదా?”

“సైనిక కోర్టులో అడిగారు. నా ఎదురుగానే. నా వైపు చూడనైనా చూడలేదు మహానుభావుడు. ‘ఊపిరాడక కాస్త గాలి పీల్చుకుందామని వెళ్లానండీ’ అన్నాడు.”

ఆమెకు రేడియోల కొట్లో టంకం పొగ మధ్య వంగి కూర్చున్న మనిషి వీపు కళ్లకి కట్టింది. వీధిలో పోతున్నవాళ్లు గట్టిగా ఒక మాట విసిరితే, ఆయన రేడియో శబ్దం కొంచెం పెంచేవాడు. అంతే చేసేవాడు.

ఫోను మోగింది. ప్రెస్సు ఫోర్‌మన్.

“మేడం, నాలుగున్నర అయింది. అచ్చు ప్లేటు రెడీ. ఎక్కించమంటారా?”

“ఎక్కించకండి. నేను చెప్పేదాకా మెషీన్ ముట్టుకోవద్దు.”

“ఓనరు గారు నన్ను ముక్కలు చేస్తారు మేడం.”

“ఆ ముక్కలు నేను ఏరుకుంటాను. ఆపండి.”

ఫోను పెట్టేసి రెండువందల పన్నెండో పేజీ మంచం మీద పరిచింది. సంచిలోంచి ఎర్ర కలం తీసి ఆయన ముందు పెట్టింది.

“మార్జిన్ ఖాళీగా ఉంది సార్. నిజం పట్టేంత ఖాళీ ఉంది.”

జనరల్ కలం అందుకోవడానికి వంగాడు. చంక దగ్గర మడతలు విడిపోయి సూదులు టపటపా నేల మీద రాలాయి. అప్పుడే తలుపు దగ్గర్నుంచి ఒక కేక.

“నాన్నగారూ! ఆగండి!”

కూతురు. ఎంతసేపటి నుంచి వింటోందో, ముఖం పాలిపోయింది. చేతిలో జాబితా నలిగి ఉండ అయింది.

“అయితే ఇన్నాళ్లూ...” అని, మింగలేక కక్కలేక, తండ్రినీ ఆ పేజీనీ మార్చి మార్చి చూసింది. “నా కొడుక్కి మీ పేరు పెట్టాను నాన్నా. గిద్యోను అని. వాడు బళ్లో ఛాతీ విరుచుకుని చెప్పుకుంటాడు ఆ పేరెందుకు వచ్చిందో. రేపు వాడికి నేనేం చెప్పను?”

జవాబు భూతద్దం నోటినుంచి వచ్చింది, ఆమె అనుకోకుండానే.

“మొదటినుంచి చెప్పండమ్మా. గానుగ దగ్గర్నుంచి. అది చిన్న కథేమీ కాదు.”

కూతురు కుర్చీలో కూర్చుండిపోయింది. జనరల్ కలం పట్టుకున్నాడు. ముందు ఆ పాత వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టేశాడు. ‘పారిపోయినప్పటికీ’ అన్న మాట దగ్గర కాస్త ఆగి, దాన్ని మరీ గట్టిగా కొట్టాడు. తర్వాత మార్జిన్‌లో, ఒక్కో అక్షరం చెక్కుతున్నట్టు రాశాడు:

‘ఆపరేటరు పారిపోలేదు. పారిపోయింది నేను. ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నా పేరు ఆయన పెట్టిందే.’

కింద సంతకం. తేదీ.

ప్రూఫుల మీద వేలకొద్దీ ఎర్ర గీతలు చూసిన కళ్లు అవి. ఆ నాలుగు వాక్యాలు మాత్రం ఆమెకు మసకబారిపోయి కనబడ్డాయి.

“దీన్ని కమిటీ ఒప్పుకోదండీ” అంది కూతురు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “మిమ్మల్ని బెదిరించడానికి అనడం లేదు. రెండు నెలల కిందట డాక్టరు రాసిచ్చిన కాగితం వాళ్ల దగ్గరుంది. మతిమరుపు మొదలైందని. అందుకే పుస్తకం ఇంత తొందరపడుతున్నారు. ఎనభై నాలుగేళ్ల ముసలాయన, మతి సరిగా లేదు, ఎవరో ప్రెస్సు ఆవిడ వచ్చి రాయించుకుపోయింది, ఆవిడ కూడా ఎవరు, ఆ ఆపరేటరు కూతురే. పిల్లికి ఎలుక సాక్ష్యం అంటారు. ఆదివారానికి ఆ పాత వాక్యమే అచ్చవుతుంది. మీ ఉద్యోగం కూడా పోతుంది.”

నిజమే. భూతద్దానికి ఆ సంగతి తట్టకపోలేదు, తట్టనివ్వలేదంతే. చేతికందిన కొమ్మ మళ్లీ పైకి పోతున్నట్టయింది.

“అయితే నాకు మతి బాగున్నప్పుడు రాసిన కాగితం కావాలి. అంతేగా?” అన్నాడు జనరల్.

ఇద్దరు ఆడవాళ్లూ ఆయన వంక చూశారు.

“ఉంది. కోర్టు తీర్పు వచ్చిన నెలకి రాశాను. నాలుగు పేజీలు. నేనెక్కడ దాక్కున్నానో, ఎన్నింటికి, ఎవరు లేపారో, అన్నీ. సంతకం, నా సైనిక నంబరు, రెజిమెంటు ముద్ర. మీ నాన్న చేతిలో పెడదామని మీ ఇంటికి వచ్చాను. ఆయన లేడు. మీ అమ్మ ఉంది, నిన్ను ఎత్తుకుని. ఆమెకే ఇచ్చాను. ‘దీన్ని పైవాళ్లకి పంపండి. నా పట్టీలు ఊడతాయి, మీ ఆయనవి తిరిగొస్తాయి. మీ ఇష్టం’ అని చెప్పాను. ఆమె నిలబడే చదివింది. మడిచింది. ‘ఇక మీరు వెళ్లండి’ అంది. ప్రతి పొద్దునా పోస్ట్‌మాన్ సైకిల్ గంట వినగానే అనుకునేవాణ్ని, ఇవాళ వచ్చేస్తుంది పిలుపు అని. రాలేదు. ఏళ్లు గడిచాయి. క్షమించిందో, శిక్షించిందో నాకు ఇప్పటికీ తెలియదు.”

“మీరే ఇంకోటి రాసి పంపొచ్చుగా సార్!”

“పంపొచ్చు” అన్నాడాయన. “గానుగలోంచి ఒకసారి లేచాను. రెండోసారి లేపడానికి మీ నాన్న పక్కన లేడు.”

ఆమె ఆలోచన అప్పటికే ఇంటికి పోయింది. అమ్మ? తండ్రి మాటెత్తితే గది మారిపోయే అమ్మ? పరుగోడి కూతురంటున్నారమ్మా అని ఏడుస్తూ వస్తే, మాట్లాడకుండా జడ విప్పి మళ్లీ అల్లిన అమ్మ? ఆ కాగితం ఇంట్లో పెట్టుకుని, ఆయన పోయేదాకా, ఆయన పోయాక కూడా నోరు మెదపలేదా?

వరండాలోకి వచ్చింది. దర్జీ బెంచీ మీద కూర్చుని సూదులు ఒక్కొక్కటే డబ్బాలో వేసుకుంటున్నాడు. టైము నాలుగూ నలభై ఎనిమిది. ఇంటికి ఫోను చేసింది. మూడు రింగులకి తల్లి ఎత్తింది.

“అమ్మా, నేను జనరల్ గారి ఇంటినుంచి మాట్లాడుతున్నాను.”

అటువైపు కుర్చీ లాక్కున్న చప్పుడు వినబడింది.

“చెప్పేశాడా?” అంది తల్లి.

“చెప్పాడు. ఆ కాగితం ఎక్కడుందమ్మా? పారేశావా? చింపేశావా? పది నిమిషాలే ఉంది నాకు!”

“ఎందుకు చింపుతాను? నా దగ్గరే ఉంది.” తల్లి గొంతు ఎప్పటిలా లేదు, పడుచుపిల్ల గొంతులా ఉంది. “కానీ అమ్మడూ, ఆయన చెప్పింది ముందు వైపు సంగతి. ఆ సాయంత్రం మీ నాన్న ఇంటికొచ్చి అది చదివాడు. చదివి, ఆఖరి పేజీ వెనక్కి తిప్పి, తన చేత్తో ఇంకో మాట రాశాడు. అది జనరల్‌కి తెలియదు. ఎవరికీ తెలియదు. ముందు ఇంటికి వచ్చి దాన్ని చదువు. చదివాక కూడా ఆ మెషీన్ ఆపాలనిపిస్తే, నేనే నీతో ప్రెస్సుకి వస్తాను.”